ఒకటి కొంటే ఒకటి

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా ఉన్న మల్లేశయ్య బట్టల దుకాణంలో శోభ ఇరవై మూడేళ్లు చీరలు చూపించింది. చూపించడమంటే మడత విప్పి ముందర పడేయడం అనుకునేరు! మనిషి గడప బయట చెప్పులు విడిచే తీరు చూసి, ఈమె పెండ్లి బట్టలకు వచ్చింది, ఈమె ఊరికే ఎండకు ఆగలేక వచ్చింది అని చెప్పేది. కళ్లు మూసుకుని కొంగు నలిపి ఎన్ని ఉతుకులకు రంగు దిగుతుందో చెప్పేది. పదో తరగతి తప్పిన తనకు దేవుడిచ్చిన చదువు అదేనని ఆమె నమ్మకం. భర్త పోయిన ఏడు ఆమెను నిలబెట్టింది కూడా ఆ దుకాణమే.

ఆ చదువుకు మెల్లగా కాలం చెల్లింది. ఆడపిల్లలు వస్తారు, బట్ట పట్టి చూస్తారు, ఫోను తీసి అలాంటిదే వెతుక్కుంటారు, మళ్ల వస్తం అక్కా అని పోతారు. మళ్లీ వచ్చేది వాళ్లు కాదు, వాళ్లింటికి పార్శిలు. వాళ్లను అనడానికేముంది, ఎవరి రూపాయి వాళ్లకు తీపి. ఆ దసరాకు మల్లేశయ్య కడుపు మండి కొత్త కంప్యూటరు పెట్టించి, దుకాణం నిండా ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని కాగితాలు అంటించాడు. పండుగ అయ్యాక శోభ, నిర్మల ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని, ఎవరు ఎక్కువ అమ్మితే వాళ్లేనని కూడా తేల్చి చెప్పాడు. నిర్మల ఇరవై ఆరేళ్ల పిల్ల, మాటల పుట్ట. ఆ రోజు నుంచి శోభకు అన్నం సహించలేదు. ఈ దుకాణం కాకపోతే తనకు ఇంకేం వచ్చని?

సద్దుల బతుకమ్మకు ముందటి శనివారం. దుకాణంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ తొక్కిడిలో భుజం మీది తువ్వాలు సరిచేసుకుంటూ ఒక ముసలాయన వచ్చి, చెల్లెకు ఒక చీర కావాలన్నాడు. కందుకూరు దిక్కు మనిషి, పేరు ఇస్తారి. ధర అడగలేదు, బట్ట ముట్టుకోలేదు. వేరే రోజైతే శోభకు అంతటితోనే తెలిసిపోయేది. ఆ రోజు ఆమె కండ్లకు ఎన్ని చీరలు అమ్మిందన్నదే తప్ప మనిషి ఆనలేదు. నిగనిగలాడేది ఒకటి భుజాన వేసుకుని, “ఇది తీస్కో బాపు, ఇరవై ఏండ్లు కట్టినా చెక్కుచెదరది” అంది.

“ఇరవై ఏండ్లెందుకు బిడ్డా,” అన్నాడాయన. “పొద్దుగూకే యాళ్లకు మట్టిల పెడ్తం.”

శోభ సిగ్గుపడి భుజం మీది చీర తీసేసింది. ఆడబిడ్డ పోతే తల్లిగారింటి చీర కప్పకుండా సాగనంపరు. ఆ చీర కోసం వచ్చిన మనిషికి తను పండుగ బేరం చెప్పింది. ఛీ, ఇదేనా నా చదువు అనుకుంది.

ఇస్తారి జేబులోంచి చెల్లెలి ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. చిలకపచ్చ చీర, మెరూను అంచు. చెల్లెలు నాగులమ్మ మనసుపడి కొడుకుతో చెప్పి పండుగకు ఫోన్లో తెప్పించుకుంటున్నది. బుధవారం వస్తుందట. పొద్దున పొయ్యి దగ్గర కూలబడిన మనిషి దవాఖాన దాకా కూడా పోలేదు. గసొంటిదే ఏమన్నా దొరుకుతుందేమోనని ఆయన ఆశ. శోభ వచ్చినవాళ్లందరినీ నిర్మల దగ్గరికి పొమ్మని, అరలకు అరలే కిందికి దింపింది. చివరకు అడుగున దొరికింది. అదే పచ్చ, అంచు మాత్రం వేలెడు సన్నం. ఇస్తారి తల ఊపాడు.

బిల్లు దగ్గర మల్లేశయ్య అలవాటు ప్రకారం దానికి ఇంకో చీర జోడించి, రెండూ సంచిలో పెట్టాడు. శోభ సంచి పట్టుకుంది.

“రెండు పెట్టకు సేటూ. ఇది చావుబట్ట.”

కంప్యూటరు ఒక్కదానికి బిల్లు కొట్టదని, రెండోది వద్దంటే ఎవరికన్నా ఇచ్చుకొమ్మని మల్లేశయ్య విసుక్కున్నాడు. అసలే శనివారం. శనిపీనుగ తోడు కోరుతుందన్న మాట ఆ వరుసలో ఎవరు వినలేదు గనుక! చావుబట్టకు జోడు పెట్టడమంటే ఇంకొకరిని పిలవడమే. గుసగుసలు మొదలయ్యాయి. ఇద్దరు ఆడవాళ్లు తీసుకున్న చీరలు అక్కడే పెట్టి దిగిపోయారు. ఇస్తారి సంచికి దూరంగా జరిగాడు. శోభ రెండో చీర బయటికి లాగి తన భుజాన వేసుకుంది.

“జోడు నా దగ్గరుంటది. నువ్వు ఒక్కటే తీస్కపో బాపు.”

ఆయన పోతుంటే, ప్రతి గిరాకీకి చెప్పే ‘మళ్ల రాండ్రి’ ఆమె చెప్పలేదు. దసరా మర్నాడు మల్లేశయ్య ఆమెను పిలిచి, పండుగ పూట దుకాణంలో చావు మాట ఎత్తి గిరాకీని చెడగొట్టావని, ఇక రావద్దని చెప్పాడు. నిర్మల ఏడ్చింది. శోభ ఏడవలేదు, ఇంటికి పోయాక ఏడ్చింది.

వారం తిరగకముందే రావిర్యాల దిక్కు ఒక పార్శిళ్ల గోదాములో పని దొరికింది. జనం వాపసు పంపిన బట్టలు విప్పి, మరక చూసి, కొత్త కవర్లో పెట్టాలి. అక్కడ గిరాకీ మొహం కనపడదు. చేరిన నాలుగో రోజు ఒక కవరు విప్పితే చిలకపచ్చ చీర, మెరూను అంచు. చీటీ తిప్పి దాని మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. నాగులమ్మ, కందుకూరు. కొంగు నలిపి చూసింది. ఇరవై ఏళ్లు కట్టినా చెక్కుచెదరని బట్ట.

పక్కన వాపసుల లెక్క ఎక్కించే మిషను పట్టుకున్న బాలేష్ వాపసుకు కారణం అడిగాడు. అందులో ఉన్నవి మూడే: రంగు వేరు, ఆలస్యం, నచ్చలేదు. నచ్చలేదని కొట్టనా అక్కా అన్నాడు.

“నచ్చిందే తమ్మీ,” అంది శోభ. “కట్టుకునే మనిషే లేదు.”

గట్ల కొట్టనీకి ఇందుల లేదక్కా అని, బాలేష్ ‘నచ్చలేదు’ మీద వేలు పెట్టాడు.