కాగితం మీద అమ్మ చేయి

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఇంటింటికీ కేబుల్ టీవీ వస్తున్న రోజుల్లో నాకు పదేళ్లు. అన్నం తింటూ తింటూ చూపు నిలిచిపోయేది. ముద్ద చేతిలోనే ఉండేది, నేను ఎక్కడో ఉండేదాన్ని. అక్కడ హాయిగా ఉంటుందని చెబితే అమ్మ తిట్టేది.

మెదడులోని కరెంటు అలలను గీసే మిషను ఊళ్లోకి అప్పుడే వచ్చింది. డాక్టరు ఆ పరీక్ష రాశాడు. తలకు తీగలు అంటించి నిద్రపొమ్మన్నారు. పట్టపగలు, అంత ఎండలో, ఎవరికి నిద్ర వస్తుంది? అమ్మ భుజం మీద జోకొట్టింది. కూలర్‌లో తడిసిన గడ్డి వాసన, కాగితం మీద మిషను కలాల గరగర. మెల్లగా మునిగిపోయాను.

లేచాక డాక్టరు కాగితం చూపించాడు. జబ్బు ఉంది, మాత్రలు వాడాలి. ఒకచోట మాత్రం అలలు మరీ తీరుగా ఉన్నాయి. అది జబ్బు కాదు, అమ్మ జోకొడుతుంటే తీగలు కదిలి పడిన గీత అని అమ్మ చేతిని చూపించి నవ్వాడు. ఆయనకు వివరించి చెప్పే సరదా ఎక్కువ. నరాల కణాల చుట్టూ వాటిని సాకే కణాలుంటాయట. ఉత్త జిగురనుకున్న అవి కూడా అలల తీరు మారుస్తాయేమోనని కొత్తగా అంటున్నారట. నిద్రలోని నెమ్మది అలల్లో వాటి పాత్ర ఉందని ఈమధ్యే నేనూ చదివాను. డాక్టరు చెప్పిందంతా మరాఠీలో. అమ్మది విరూర్ దగ్గరి తెలుగు పల్లె, బజారు మరాఠీకి మించి రాదు. మరాఠీ బడిలో చదివే నేనే నిద్రమత్తులో, కణాలన్న మాట వదిలేసి, తెలుగు చేశాను.

"సాకేటివి గూడ అలలను మారుస్తయంటనే అమ్మా."

అమ్మ తన చేతిని చూసుకుంది. ఆ రోజు నుంచి నన్ను జోకొట్టలేదు. పక్కనే పడుకునేది, చేతులు రెండూ తలకింద పెట్టుకుని. జబ్బుదాన్నని ముట్టుకోవడం లేదనుకున్నాను. నాకు చాలా కోపంగా ఉండేది, అంతకంటే దిగులుగా ఉండేది.

మాత్రలతో చూపు నిలవడం పూర్తిగా పోయిన రెండేళ్లకు మళ్లీ పరీక్ష. ఈసారి బాగుంటే మాత్రలు ఆపేస్తామన్నారు. నిద్ర రాలేదు. అమ్మ చేయి లాగి భుజం మీద పెట్టుకుంటే వెనక్కి తీసుకుంది.

"వద్దు బిడ్డా. నా చెయ్యి వడితె మల్ల గట్లనే వస్తది."

నాకు ఏడుపొచ్చింది. డాక్టరును పిలిచి, మరాఠీలో, వెక్కుతూనే అంతా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. జబ్బు లోపలిదనీ, ఆమె చేయి ఇచ్చింది నిద్ర ఒక్కటేననీ బజారు మరాఠీలో నిదానంగా చెప్పాడు. అమ్మ చేయి కొంగుకు తుడుచుకుంది. తర్వాత నా భుజం మీద వేళ్లు ఆనించి మెల్లగా జోకొట్టింది.

కాగితం శుభ్రంగా వచ్చింది, మాత్రలు ఆపేశారు. అమ్మ గీతలు మాత్రం ఉన్నాయి, మొదట వణుకుతూ, ఆ తర్వాత కుదురుగా.