తువ్వాలు కింద ధర

మొన్న బంగారుపేట సంతలో కూరగాయలు కొంటూ ఉంటే, పక్క అంగడాయన భుజం మీది తువ్వాలు తీసి గట్టిగా విదిలించాడు. ఆయన దులిపింది దుమ్మే కానీ, నా చేతిలోని సంచి జారిపోయింది. ఈ వయసులో తువ్వాలుకు జడుసుకునే మనిషి ఉంటుందా అని మీరు నవ్వుకోవచ్చు. ఆ కాలంలో మామిడి మండీ గడప తొక్కిన ఆడవాళ్లు మీలో ఎవరైనా ఉంటే మాత్రం నవ్వరు.

బంగారు గనులు మూతపడ్డాక, ఆ గనుల కాలనీ అయిన కోరమండల్‌లో మా ఇల్లు ఇల్లులా లేదు. గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన మా నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్లడానికి చోటు లేక, వసారాలోనే కూర్చునేవాడు. ఆ రోజుల్లో నాకు దొరికిన ఉద్యోగం ఒక సంఘంలో. కొత్తగా పండ్ల తోటలు వేసుకున్న చిన్న రైతులను, ముఖ్యంగా ఆడవాళ్లను, ఒకచోట చేర్చి, వాళ్ల పంట వాళ్లే అమ్ముకునేలా తోడుండడం మా పని. రైలెక్కి టేకల్‌లో దిగి ఊళ్లు తిరిగేదాన్ని. ఆ సంఘంలో మా మేనత్త కూడా ఉండేది. మామ పోయాక ఆవిడ రాగి చేనులో బాదామి మామిడి మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి, వాటిని పిల్లల్ని పెంచినట్టే పెంచుకుంది.

ఆ తోట మీద అత్త మరిదికి కన్నుండేది. ఆడదానివి మండీకి పోయి ఏం అమ్ముతావు, తోట నాకు గుత్తకు ఇచ్చెయ్ అని సతాయించి సతాయించి, చివరికి నలుగురినీ కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. తొలి పంట అత్త తన చేతులతో అమ్ముకుంటే ఆయన తోట జోలికి రాడు, అమ్మలేక తిరిగొస్తే తోట ఆయనకు వదిలెయ్యాలి. అత్త సరేనంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

ఎందుకంటే మండీలో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడు, అమ్మేవాడు చెయ్యీ చెయ్యీ కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు. పక్కనున్నవాడికి కూడా తెలిసేది కాదు. పరాయి మగవాడి చేతిలో చెయ్యి పెట్టడం ఏ ఆడదానికి చెల్లుతుంది? అందుకే మా వైపు ఆడవాళ్లు తోటలు పెంచారే కానీ కాయ అమ్మింది లేదు. ఏ తమ్ముడో మరిదో అమ్మి వచ్చి ఇంత పలికిందంటే, అంతే అనుకోవాలి. సంఘం మీటింగుల్లో కాయ కోయడం గురించి, ఏరి వేరు చెయ్యడం గురించి ఎంతో మాట్లాడుకున్నాం కానీ, ఈ తువ్వాలు సంగతి భయంకొద్దీ ఎవరం ఎత్తలేదు.

తొలి కాయ కోసిన రోజు టెంపోలో వేసుకుని అత్తా నేనూ మండీకి వెళ్లాం. కుప్ప పోసి పక్కన కూర్చున్నాం. వ్యాపారులు వచ్చారు, కాయ ఎత్తి వాసన చూశారు, "మగోళ్లు యాడమ్మా?" అని అడిగారు, ఎవరూ రాలేదంటే పక్క కుప్పకు పోయారు. ఎండ ఎక్కింది. గేటు దగ్గర అత్త మరిది బీడీ కాలుస్తూ మమ్మల్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ చూపుకు తట్టుకోలేక, ఇంటికి పోదాం రా అత్తా అని నేనే అనేశాను.

అంతలో ఒక లావుపాటి వ్యాపారి వచ్చి, మాకు మగదిక్కు లేదని తెలిసి, తిరిగి పోబోయాడు. అత్త లేచింది. కుడిచెయ్యి కొంగుతో కప్పుకుని, ఆ చేతిని ఆయన ముందుకు చాచింది.

"నా కాడ తువ్వాలు లేదప్పా, కొంగుండాది. చెయ్యి పెట్టి చెప్పు నీ ధర."

చుట్టూ ఉన్న బేరాలన్నీ ఆగిపోయాయి. పరాయి ఆడదాని కొంగు కింద చెయ్యి పెట్టినవాడు మళ్లీ ఆ మండీలో తలెత్తుకుని తిరగలేడు, పెట్టకపోతే అంత మంచి కాయ వదులుకోవాలి. ఎవరైనా కొడతారేమో, మమ్మల్ని మెడపట్టి గెంటుతారేమో అని నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఇంగ చెయ్యెందుకులేమ్మా, నోటితోనే చెప్తా" అన్న మాట వినబడ్డాకే తెరిచాను. ఆయన ధర పైకి చెప్పాడు. చెప్పాక నలుగురూ విన్నారు, విన్నవాళ్లలో ఒకడు అంతకంటే ఎక్కువ ఇస్తానన్నాడు, ఇంకొకడు ఆ పైన పాడాడు. కాయ మొత్తం అమ్ముడుపోయింది. గేటు వైపు చూస్తే మరిది లేడు.

ఇప్పుడక్కడ ధర బోర్డు మీద కనబడుతుంది, ఫోన్లకూ వస్తుంది. ఆడవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చుని, గొడవపడి మరీ అమ్ముకుంటున్నారు. వాళ్లలో కొందరు మా అత్తకు భయమనేదే తెలియదట అని చెప్పుకుంటూ ఉంటే, నేను కాదనకుండా వింటాను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఖాళీ టెంపోలో అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది, వదల్లేదు. ఊరు దగ్గరపడుతుండగా మెల్లగా అడిగింది, "వాడు నిజంగానే చెయ్యి పెట్టేసింటే నా గతేమమ్మా?" అని.

ఈ కాలపు పిల్లలకు ఆ ప్రశ్నే అర్థం కాదు, అర్థం కాకపోవడమే మంచిది. కానీ నాతో పాటు ఆ భయం తెలిసిన మనిషి ఆవిడొక్కతే ఉండేది, ఇప్పుడు ఆవిడా లేదు.