మెషీన్ పెట్టిన వారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికైనా కరువు ఉండేదేమో గానీ అనుమానానికి మాత్రం లేదు. గవర్నమెంటు వారు ఏది ఇచ్చినా మా నాయనమ్మ ముందు వాసన చూసేది. బళ్ళో పోసే పాలపొడి పాలు తాగితే ఆడపిల్లలకి గడ్డాలు మొలుస్తాయని నన్ను తాగనిచ్చేది కాదు. రేడియోలో వాన పడదని చెప్పిన రోజు గొడుగు పట్టుకుని బయలుదేరేది, పడుతుందని చెప్పిన రోజు డాబా మీద వడియాలు పెట్టేది. ఆవిడ మాటే ఎక్కువసార్లు నిజమయ్యేదని కూడా చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది.

అది డెబ్బైల చివర. నాకు పదేళ్ళు. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్ళం. సందు చివర ఎత్తయిన గోడ, గోడ అవతల ఓడలకెక్కించే ఇనుప ఖనిజాన్ని గుట్టలుగా పోసే యార్డు. అది ఎవరిదో ఇప్పుడు చెప్పి లాభం లేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఆ గుట్టల మీది ఎర్రపొడి లేచి మా సందంతా పరుచుకునేది. తోడుపెట్టిన పాల మీద, పక్కబట్టల మీద, పిల్లల కనురెప్పల మీద కూడా అదే. చెంబుతో నీళ్ళు తాగితే అడుగున మిగిలేది.

పక్కింట్లో ఇద్దరే ఉండేవారు. క్రైస్తవులు. పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు అవుతోంది. ఆవిడ నాన్నగారిని సందులో పిల్లలందరం తాతయ్య అనేవాళ్ళం. వయసంతా రేవులో కళాసిగా పని చేసి, అప్పటికి నాలుగు మెట్లెక్కితే ఊపిరందక కూర్చుండిపోయే స్థితికి వచ్చారు. కిటికీ పక్కన మంచం మీద పడుకుని, ఓడ కూత వింటే చాలు అది వస్తోందో వెళ్తోందో చెప్పేవారు. బడి అయ్యాక నేను అక్కడే ఉండేదాన్ని. ఆయన దగ్గు మొదలైతే మా సందులో మాటలు ఆగిపోయేవి. డాక్టరుగారు అక్కతో తేల్చి చెప్పేశారట, దుమ్మయినా ఈయనకి దూరంగా పోవాలి, ఈయనైనా దుమ్ముకి దూరంగా పోవాలి అని. తాతయ్య మాత్రం కదలనన్నారు. భార్య సమాధి ఇక్కడుంది, ఓడ కూత వినపడని ఊళ్ళో తనకి పొద్దు గడవదన్నారు.

అందుకని అక్క అర్జీ రాసింది. గుట్టల మీద రోజూ నీళ్ళు కొట్టించండి, దుమ్ము అణుగుతుంది అని. సందులో అందరిచేతా సంతకాలు పెట్టించింది. నాయనమ్మ తప్ప. గవర్నమెంటు కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇల్లు పోతుందని ఆవిడ నమ్మకం. కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. యార్డు నుంచి దుమ్ము లేవడం లేదట, మీ సందులో అందరివీ రంపపు పొట్టు పొయ్యిలు కాబట్టి అది మీ పొయ్యిల మసేనట. అయినా మీ తృప్తి కోసం గాలిని కొలిచే మెషీన్ ఒకటి తెచ్చి వారం రోజులు పెడతాం అని రాశారు. ఎర్రటి మసి ఏ పొయ్యిలోంచి వస్తుందో నాయనమ్మ ఆ పూటంతా వాళ్ళ ఏడు తరాలనీ అడుగుతూనే ఉంది.

అక్క ఎవరినీ తిట్టలేదు. పాతబడిన తన తెల్ల యూనిఫాం చీరని చేతిరుమాళ్ళంత ముక్కలుగా కత్తిరించింది. వాళ్ళది పెంకుటిల్లు, మాది డాబా. ఆదివారం చర్చి నుంచి వచ్చి మా డాబా తీగ మీద ఒక ముక్క కట్టేది. మళ్ళీ ఆదివారం విప్పి, మూల మీద, తడిపితే ఊదాగా తిరిగే కాపీయింగ్ పెన్సిల్‌తో తారీఖు రాసి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, కొత్త ముక్క కట్టేది. ఐదు వారాలు గడిచేసరికి డబ్బాలో ఐదు ముక్కలు, ఐదూ ఇటికరంగు.

ఆరో వారం మెషీన్ వచ్చింది. మా డాబా మీదే పెట్టారు. పైకప్పున్న రేకు పెట్టె, లోపల మోటారు, మోటారు మీద తెల్ల కాగితం. పగలూ రాత్రీ రొద. ఆ వారమంతా నాయనమ్మ నన్ను దాని దగ్గరికి పోనివ్వలేదు. "మన గాలి లాగీసి ఆఫీసర్ల బంగళాలకి అంపుతారు, నాకు తెల్దేటి?" అంది. నవ్వకండి, ఆవిడ నిజంగానే పచ్చడి జాడీలకి వాసెన గట్టిగా బిగించింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తాతయ్య నన్ను పిలిచి, వాన పడుతోందా అని అడిగారు. ఎండ మండిపోతోందని చెప్పాను. తడిమన్ను వాసన వస్తోంది, అయితే గోడ అవతల నీళ్ళు కొడుతున్నారన్నమాట అన్నారు. అని, అటు తిరిగి నిద్రపోయారు. ఒక్క దగ్గు లేదు. అంత నిద్ర ఎప్పుడూ చూడక నాకు భయమేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి చక్కగా ఆడుతోంది. నా ఆటలో నేను పడిపోయాను.

ఆదివారం అక్కకి డ్యూటీ పడింది. గుడ్డ విప్పి డబ్బాలో పెట్టి, కొత్తది కట్టమని నాకు చెప్పి వెళ్ళింది. డాబా ఎక్కి చూద్దును కదా, గుడ్డ కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తెల్లగా! వచ్చే శనివారమే ఆఫీసర్ల ముందు మీటింగు. ఈ ముక్క చూశారంటే, దుమ్మే లేదు కదా అంటారు, తాతయ్యని ఊరు దాటించేస్తారు. నా బుర్రకి తోచింది అంతే. పిట్టగోడ మీద చెయ్యి రాసి చూశాను, ఎర్రపొడి కాస్త దొరుకుతుందేమోనని. వేళ్ళకి ఏమీ అంటలేదు. అప్పుడైనా నాకు వెలగలేదు. వంటింట్లోకి పోయి, అన్నం గిన్నె అడుగున మసి వేళ్ళకి రాసుకుని గుడ్డంతా పులిమాను. మురికి మురికే కదా అనుకున్నాను. మడతపెట్టి డబ్బాలో పెట్టి, తీగకి కొత్తది కట్టి, గొప్ప ఉపకారం చేసినదానిలా అన్నం తిన్నాను.

ఆ వారమంతా అక్కకి నైట్ డ్యూటీలు. శనివారం పొద్దున్న ఆసుపత్రి నుంచి వచ్చాక డబ్బా తెరిచింది. నన్ను పిలిచింది. గుడ్డ మీద నాలుగు వేళ్ళూ బొటనవేలూ అచ్చు పడి ఉన్నాయి, చిన్నవి. అక్క గుడ్డ వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

"తెల్లగా ఉందా? పూర్తిగానా?" అని అడిగింది.

ఉందన్నాను. తాతయ్య నిద్రపోయిన సంగతీ, తడిమన్ను వాసన సంగతీ కూడా చెప్పాను. అక్క గుడ్డని ఒళ్ళో పరుచుకుని నేల మీద కూర్చుంది.

"నిన్ను ఏటనాలే! ఆ ఐదూ ఒకెత్తు, ఈ ఒక్కటీ ఒకెత్తు. మెషీనున్న వారం నీళ్ళు కొట్టినారు, దుమ్ము ఆగిపోనాది. అంటే ఆ దుమ్ము ఆళ్ళదే, ఆపడం ఆళ్ళకి తెలుసు. తెల్లగుడ్డే మనకి పెద్ద సాక్షి. దానికి మసి పూసీసినావే తల్లీ."

రెండు దెబ్బలు వేసినా బాగుండేది. కొట్టలేదు. ఉతికేద్దాం, మళ్ళీ తెల్లగా అయిపోతుంది అన్నాను. ఉతికితే అది నా గుడ్డ అవుతుంది గానీ ఆ వారం గుడ్డ అవదంది. పొయ్యిలో పడేద్దాం అన్నాను. దానికీ తల అడ్డంగా ఊపింది. "ఆళ్ళు వారం ఏరి సూపించినారు. నాను గుడ్డలు ఏరి సూపిస్తే ఇంక తేడా ఏటుంది?" అంది.

మీటింగులో ఆరూ వరసగా పరిచింది. ఐదు ఎరుపు, ఒకటి నలుపు. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆఫీసరుగారు చెడ్డమనిషి కాదు, కళ్ళజోడు సర్దుకుని ప్రతి ముక్కా శ్రద్ధగానే చూశారు. నల్లది పట్టుకుని, ఇది మసి కదమ్మా, మేం మొదటినుంచీ చెబుతున్నది ఇదే కదా అన్నారు. అక్క అవునంది. ఆ వారం గుడ్డ తెల్లగా ఉండిందనీ, తర్వాత తమ మనిషి చెయ్యి పడిందనీ చెప్పింది. ఎవరి చెయ్యి అని ఆయన అడిగారు. అక్క చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

"ఒక దాని మీద పడిన చెయ్యి తక్కిన ఐదింటి మీదా పడలేదని నన్నెలా నమ్మమంటారు?" అన్నారాయన.

ఆ చెయ్యి నాదేనండీ, తెల్లగుడ్డని కళ్ళారా చూసింది నేనేనండీ అని చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. చెప్పినా ఎవరు నమ్ముతారు? మసి పూసిన పిల్ల తెలుపు అంటే ఎవరు నమ్ముతారు? మెషీన్ కాగితం మీద అంతా హద్దులోనే ఉందని చదివి ఫైలు కట్టేశారు.

తిరిగొస్తుంటే నాయనమ్మ, నా నిర్వాకం ఆవిడకింకా తెలీదు, ఆఫీసరుగారి నోట్లో మన్ను పడాలని దారి పొడుగునా దీవించింది. అక్క నా చెయ్యి పట్టుకుని నడిచింది. సందులోకి తిరిగాక, రేపు ఆదివారం నుంచి గుడ్డ కట్టేదీ విప్పేదీ నువ్వే అంది. నన్ను నమ్ముతావా అక్కా అని అడిగాను.

"నమ్మను. అందుకే మీ నాయనమ్మ పక్కన నిలబడి సూస్తాది," అంది. అంటూనే నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం నాయనమ్మకి నేనే చెప్పాను. నా వీపు చిట్లింది. ఆదివారం మాత్రం ఆవిడే నన్ను తొందరపెట్టి డాబా ఎక్కించింది. నేను గుడ్డ విప్పి తారీఖు వేశాక, కాపీయింగ్ పెన్సిల్‌ని నాలికతో తడిపి, తన బొటనవేలికి రాసుకుని, తారీఖు పక్కన వేలిముద్ర వేసింది. ఏ ప్రభుత్వం అడిగినా ఇవ్వని వేలిముద్ర! ఊదారంగు నాలికతో ఆ రోజంతా సందులో తిరిగింది.

గుట్టల మీదికి నీళ్ళు రాలేదు. ఎండలు ముదిరేసరికి తాతయ్యకి దగ్గు మరీ ఎక్కువైంది. అక్క ఆయన్ని ఆనందపురంలో వాళ్ళ పిన్నిగారింటికి తీసుకెళ్ళి దింపింది. వెళ్ళే రోజు రిక్షా ఎక్కే ముందు ఆయన యార్డు గోడ వైపు కాదు, రేవు వైపు చూశారు. అక్కడినుంచి నా పేర కార్డు ముక్కలు రాసేవారు. ఈ వారం గుడ్డ ఏ రంగు అని అడిగేవారు, పొద్దు పోవడం లేదని రాసేవారు. వర్షాకాలంలో అక్కడే పోయారు. తీసుకొచ్చి భార్య సమాధి పక్కనే పెట్టారు. ఆయన్ని ఊరు దాటించింది దుమ్మని అందరూ అన్నారు. నా వేళ్ళు కూడా అని నాకు తెలుసు. ఇన్నేళ్ళయినా ఆ మాట మెత్తబడలేదు.

మరుసటి ఏడాది మళ్ళీ మెషీన్ పెట్టారు. ఆ ఆదివారం నేను సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని డాబా ఎక్కాను. గుడ్డ తెల్లగా ఉంది. నాయనమ్మ చూసింది, వేలిముద్ర వేసింది. తర్వాతి ఆదివారం గుడ్డ మళ్ళీ ఎర్రన. ఈసారి మీటింగుకి ఏడాది గుడ్డలు పట్టుకెళ్ళాం, పోయినేడాది మసిగుడ్డతో సహా. కొత్త ఆఫీసరుగారి ముందు అక్క తెల్లదాన్ని అన్నిటికంటే పైన పెట్టింది.

"మెషీను అబద్ధం చెప్పలేదు సార్. ఆ వారం గాలి బాగానే ఉంది. మిగతా వారాల సంగతి ఎవరు చెప్తారు?" అంది.

ఆయన గుడ్డలు ఒక్కొక్కటే తిరగేశారు. ఈ వేలిముద్ర మీదేనా అని నాయనమ్మని అడిగారు. నాదే బాబూ, నీ కాయితం మీద మాత్రం ఎయ్యను అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గుడ్డలు ఉంచుకుంటానంటే అక్క ఇవ్వలేదు, చూసి రాసుకోండి, ఇవి మావి అంది. నెల తిరక్కుండా గుట్టల మీద నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. రోజూ కొట్టారని నేను చెప్పను. గుడ్డ ఎర్రబడిన వారం వెళ్ళి అడిగేవాళ్ళం, మళ్ళీ కొట్టేవారు. మొదటిసారి నీళ్ళు కొట్టిన సాయంత్రం అక్క ఖాళీ మంచం మీద కూర్చుని, కిటికీలోంచి వచ్చే తడిమన్ను వాసనకి వెక్కివెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత పెళ్ళయి ఉక్కునగరం క్వార్టర్స్‌కి వచ్చాను. ఇన్ని దశాబ్దాలుగా ఎన్ని మెషీన్లు చూశాను, ఎన్ని అంకెలు విన్నాను. ఇప్పుడు మా మనవడు ఫోను చూసి, ఇవాళ గాలి బాగుంది అమ్మమ్మా అంటాడు. ఎక్కడ కొలిచారు, ఏ వారం కొలిచారు అని అడుగుతాను. వాడికి విసుగు. నాకు పోదు, అది నా పాలపొడి నాటి జబ్బు. బాల్కనీ తీగ మీద తెల్లగుడ్డ ముక్క ఇప్పటికీ ఉంటుంది.

ఆదివారం దాన్ని విప్పే ముందు నేను సబ్బుతో చేతులు కడుక్కోవడం చూసి, ఎదురింటి పిల్ల ఏటి మామ్మగారూ, మడా అని నవ్వుతుంది. మడి కాదమ్మా అంటాను. గుడ్డ ఏ రంగుకి తిరిగిందో చూసేలోపు, రెండు అరచేతులూ వెలుగులోకి చాపి, ముందు వాటిని చూసుకుంటాను.