గరిక నాటిన ఎండాకాలం

మా మామగారికి గడ్డి అంటే పగ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మిరప, పత్తి తప్ప మరో లోకం తెలియని మనిషి. చేలో గరికపోచ కనిపిస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. బస్సులో గుంటూరు వెళ్తూ కూడా కిటికీలోంచి పరాయి పొలాలు చూసి, "థూ, అదేం సేద్యంరా, చేనా బీడా?" అని పైకే తిట్టేవారు. ముందు సీట్లో కూర్చున్నది ఆ చేను ఆసామే అయినా లెక్కలేదు. వినాయకచవితి పూజలో పెట్టే గుప్పెడు గరికకు తప్ప ఆ జాతికి మా ఇంట్లో మర్యాద లేదు.

అలాంటి ఇంటికి మా ఆయన గుర్రాన్ని తోలుకొచ్చారు.

తెల్లటి ఆడగుర్రం, ముసలిది. గుంటూరులో పెళ్లి ఊరేగింపులకు తిరిగి తిరిగి ముందుకాలు వాచిపోయింది. ఇక పెళ్లికొడుకుల్ని మోయలేదని తేలాక, బాగా చూసుకునేవాళ్లుంటే ఊరికే ఇచ్చేస్తానన్నాడట దాని యజమాని. మా ఆయనకి చిన్నప్పుడు జట్కా ఎక్కిన మురిపెం ఒకటుంది. ఆ మురిపెం తెచ్చి మా అందరి నెత్తిన పెట్టారు. "ఇదేం చోద్యమండీ! పాలకి గేదెను తెమ్మంటే గుర్రాన్ని తెస్తారా?" అని నేను ఒంటికాలి మీద లేచాను.

అత్తగారు పోయిన దగ్గర్నుంచీ మామగారు మాట్లాడటమే మానేశారు. పొలం, మంచం, అంతే. ఆ రోజు గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, దాని నుదుటి మీద చెయ్యి వేసి, "ఏమే పెళ్లికూతురా, మా ఊళ్లో రోజూ బ్యాండు మేళం ఉండదే. ఎట్టా మరి నీకు?" అన్నారు. ఆయన నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్లయిందో! నేను నోరు మూసుకుని నీళ్లతొట్టి కడగడానికి వెళ్లాను.

మిరపతోట పక్కన మాకు అర ఎకరం బీడు ఉంది. దాన్ని మొత్తంగా గుర్రానికి వదిలేశాం. అదేమో తనకి రుచైన చోట మట్టి కనిపించేదాకా కొరికేసి, మిగతాది ముట్టకుండా వదిలేసింది. వదిలేసిన చోట మోకాలెత్తు దుబ్బులు ముదిరాయి. పశువుల డాక్టరు వచ్చి చూసి, "గుర్రం ఆవులాగా నాలుకతో చుట్టి లాగదండీ, పళ్లతో మొదలంటా కొరుకుతుంది. నేలను నాలుగు చెక్కలు చేయండి. ఒక చెక్కలో మేస్తుంటే మిగతావి తేరుకుంటాయి. ముదురు దుబ్బులు కోసేస్తే కొత్త చిగురు వస్తుంది" అని చెప్పాడు.

అడవిపందులు రాకుండా మిరపతోటల చుట్టూ పాత చీరలు కట్టడం మా వైపు మామూలే. మామగారు ఆ పద్ధతిలోనే చీరలతో నాలుగు చెక్కలూ విడదీశారు. ఒకరోజు చూద్దును కదా, నా ఆకుపచ్చ వెంకటగిరి చీర గాలికి రెపరెపలాడుతోంది! "మామయ్యగారూ, అది ఇంకా కట్టుకునేదే!" అని లబోదిబోమన్నాను. "ఇప్పుడూ కట్టిందేగా అమ్మాయ్, కంచెకి" అన్నారు. ఆయన వేళాకోళమాడటం నేను చూడటం అదే మొదలు.

గడ్డి కోసే మిషను మా ఆయన కొన్నారు గానీ, దాని చప్పుడుకి గుర్రం బెదిరిపోయేది. బ్యాండు మేళాలకు, బాణసంచాకు చలించని ప్రాణి ఆ మిషనుకి వణికిపోయేది. అందుకని మామగారు పొద్దున్నే కొడవలి పట్టుకుని దుబ్బులు కోసేవారు. పచ్చిక తరిగిపోగానే గుర్రాన్ని పక్క చెక్కలోకి మార్చేవారు. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని దానికి ఊళ్లో సంగతులన్నీ చెప్పేవారు. ఎక్కడన్నా పెళ్లి పాట మైకులో వినబడితే అది చెవులు రిక్కించి, ఆ కుంటికాలితోనే అడుగులు వేసేది. ఆయన పడీపడీ నవ్వేవారు. ఇప్పటికీ ఎక్కడన్నా మైకు మోగితే నాకు ముందు ఆ నవ్వే వినిపిస్తుంది.

మొదటి వేసవిలోనే ఆ ఉపద్రవం వచ్చింది. మిరప ఆఖరు కోత అయిపోయింది. తేరుకుంటున్న రెండు చెక్కల్లో మా ఆయన పశుగ్రాసం విత్తనాలు చల్లి, బోరు నీళ్లు పెట్టించారు. అవి మొలిచాయి, వాటితో పాటు గరిక కూడా ఒత్తుగా అల్లుకుంది. నేను పంటి నొప్పితో గుంటూరు బ్రాడీపేట ఆస్పత్రికి వెళ్తే మా ఆయనా తోడొచ్చారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మామగారు చేలో నిలబడి ఉన్నారు, మొహం వెలిగిపోతోంది.

"చూడరా, అద్దంలా ఉంది. నీ మొక్కలకి గరిక అడ్డమొస్తందని కూలోళ్లని పెట్టి పీకించా. ఒక్క వేరు మిగల్లా" అన్నారు.

రెండు చెక్కలూ నున్నగా, నల్లగా, మిరపనాటుకి సిద్ధం చేసినట్టున్నాయి. మధ్య మధ్య ఆ సన్నటి గ్రాసం మొలకలు బిక్కుబిక్కుమంటున్నాయి. చీర అవతల నుంచి గుర్రం మెడ చాపి చూస్తోంది.

"నాన్నా! గుర్రం తినేదే గరిక!" అన్నారు మా ఆయన.

మామగారి మొహం చూడలేకపోయాను. జన్మంతా చేసిన మంచి పని ఆయనకి ఆ పూట తప్పయి కూర్చుంది.

ఆ ఎండకి బోరు అడుగంటి మొలకలు మాడిపోయాయి. మేత ఉన్న రెండు చెక్కలూ అయిపోయాయి. ఎండుగడ్డి వేస్తే గుర్రం మూతి తిప్పుకునేది, డొక్కలు బయటపడ్డాయి. డాక్టరు పచ్చిమేత లేకపోతే కష్టమన్నాడు. మా ఆయన స్నేహితుడికి తాడేపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున తోట ఉంది, అక్కడ ఎప్పుడూ పచ్చికే. "మృగశిర వచ్చేలోపు మన దగ్గర గడ్డి లేకపోతే అక్కడికి పంపించేద్దాం నాన్నా, పాపం నోరులేనిది" అన్నారు మా ఆయన. మామగారు తలూపారు. అన్నం కూడా తినకుండా వెళ్లి మంచమెక్కారు. నాకు భయం వేసింది. గుర్రం పోతే ఈ మనిషి మళ్లీ మంచానికి అతుక్కుపోతాడు, ఇక లేవడు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మంచం ఖాళీ. పొలానికి పరుగెత్తాను. పీకించి గట్టు మీద పోసిన గరిక కుప్పలో కూర్చుని, ప్రాణమున్న కణుపులు ఏరుతున్నారు. అవి చాలక ఊరివాళ్ల గట్ల మీదా, కాలవల పక్కనా తవ్వి తెచ్చారు. తాడు పట్టి, మిరపనారు నాటినట్టు వరసల్లో నాటారు. దారినపోయేవాళ్లు ఆగి మరీ నవ్వారు.

"ఏంది బాబాయ్, ఎండదెబ్బ తగిలిందా? గరిక నాటతన్నావేంది!"

"నీ చేలో బోలెడుందిగా, ఇయ్యరా. ఉత్తినే పీక్కుపోతా!"

రోహిణి కార్తె ఎండలో పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్లు పోశారు. నేనూ మోశాను. మోస్తూ, "చచ్చినా చావదని తిట్టారుగా, ఇప్పుడు బతకమని నీళ్లు పోస్తున్నారు" అంటే, "తిట్టుకుంటేనేం, దాని మొండితనం నాకు తెలుసు" అన్నారు.

మృగశిర కార్తె రానే వచ్చింది, గుర్రాన్ని ఎక్కించుకోవడానికి ట్రాలీ ఆటో కూడా వచ్చింది. మామగారు గుర్రాన్ని గరిక నాటిన చెక్కలోకి తీసుకెళ్లారు. వంగి, పచ్చికలోకి చెయ్యి పెట్టారు. వేళ్లు మునిగిపోయాయి. అలాగే వంగి మా ఆయన వైపు చూశారు. గుర్రం తల దించింది. కరకరమనే ఆ చప్పుడు గట్టు మీదున్న నాకు కూడా వినిపించింది.

మా ఆయన, "టీ తాగి వెళ్లు బాబూ" అన్నారు డ్రైవరుతో.

ఆ తర్వాత చాలా ఏళ్లు చెక్కలు మారుస్తూనే ఉన్నాం. ముందు మామగారు పోయారు, ఆ వెనకే గుర్రం. చీరలు విప్పేశాం. ఈ ఏడు ఆ నేలలో కూడా మిరప వేశాం. మొన్న కలుపుకి వచ్చినామె నడుం పట్టుకుని లేచి, చేతిలో గరిక విదిలిస్తూ నా మీద కేకలేసింది.

"ఏందమ్మా ఈ గరిక! ఎంత పీకినా వస్తానే ఉంది. ఎవరో పనిగట్టుకుని నాటినట్టుంది!"

"నాటారు, మా మామగారే" అన్నాను.

వేళాకోళం అనుకుని ఆమె పకపకా నవ్వింది. ఆ మూల కాస్త వదిలెయ్యమని చెప్పి, కళ్లు తుడుచుకోవడానికి గట్టు అవతలికి వెళ్లాను.