ఎంజైములు అతికించిన గొలుసు

కొత్తగూడ దగ్గరున్న మా ల్యాబులో నా పని, అడిగిన వరుసలో చక్కెరలను ఒకదానికొకటి అతికించి గొలుసు కట్టడం. నేను రసాయనాలతో కడతాను. అతకకూడని చోట్లన్నీ ముందు మూసేసి, అతికాక మళ్లీ తెరవాలి. ఒక్క గొలుసుకే నెలలు పడతాయి. కాకినాడ నుంచి కొత్తగా వచ్చి చేరినావిడ అదే గొలుసును గోరువెచ్చని నీళ్లలో ఎంజైములు వేసి ఒక్కరోజులో కట్టేసింది. "నేనేం చెయ్యలేదండీ, ఎక్కడ అతకాలో వాటికే తెలుసు" అని నవ్వింది. ఆ వినయం చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది.

మా దగ్గర ఎవరి సరుకు వాళ్లు పరీక్షించుకోకూడదు. ఆవిడది నా చేతికొచ్చింది. గాజు ట్యూబును అసిటోన్‌తో కడిగి, అందులో ఆ చక్కెర ద్రావణం పోసి, లోపల ఏ పదార్థముంటే దాని గీతను తెరమీద చూపించే యంత్రంలో పెట్టాను. ఏమీ ఉండకూడని చోట, మలినం ఉన్నట్టు ఒక గీత నిటారుగా లేచింది. ఎంత సంబరపడ్డానో! అందరినీ పిలిచి మరీ, "ఏంది మేడం, గిట్లనా చేసేది?" అన్నాను.

ఆవిడ తెరవైపు వంగి చూసింది. "అది అసిటోన్ గీతండీ. ట్యూబు సరిగ్గా ఆరిందా?" అంది మెల్లగా.

ఆవిడ చక్కెరలో ఉన్న ఒకే ఒక్క మలినం నేను కలిపిందే.