తడవని తుండుగుడ్డ

ఎండిన ఏటి ఇసుక మీద తొలివాన పడి వాసన లేస్తే, ఇప్పటికీ నా చెయ్యి తుండుగుడ్డ కోసం వెతుకుతుంది.

పంతొమ్మిది వందల నలభైలలో, నా చిన్నతనంలో, ఏర్పేడు దగ్గర మా పల్లెలో, స్వర్ణముఖి ఏట్లో నీళ్లు పారినప్పుడే బాప్తిస్మాలు జరిగేవి. మా బాప్టిస్టు సంఘం పాస్టరయ్య నడుములోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్కరినీ వెల్లకిలా పూర్తిగా ముంచి లేపేవారు. లేచినవాళ్లకు ఇవ్వడానికి గట్టున మా అమ్మ పొడి తుండుగుడ్డ పట్టుకుని ఉండేది. ఎవరైనా జంకితే అయ్య నవ్వేవారు.

"భయమెందుకు మ్మా? ముంచినోడు లేపకుండా పోతాడా?"

ఒక ఏడు పల్లెకు కలరా సోకింది. అయినవాళ్లే ముట్టని రోగులకు అయ్య గంజి తాగించారు. పోయినవాళ్లకు తానే గుంత తవ్వారు. చివరికి ఆ రోగమే ఆయన్నూ తీసుకుపోయింది.

తెల్లబట్టలో చుట్టి, అయ్యను వెల్లకిలా గుంతలోకి దించారు. ఇంట్లోంచి తెచ్చిన తుండుగుడ్డ విప్పి నేను ముందుకు నడిచాను.

"ఇదెందుకే ఈడికి తెచ్చినావు?" అన్నాడు నాయన.

"అయ్య లేస్తారు గదా నాయనా, తుడుచుకునేదానికి."

"లేస్తారు మ్మా. ప్రభువు వచ్చే దినాన."

"ఈ పొద్దేనా?"

నాయన వంగి పిడికెడు మట్టి వేశాడు. ఆ వెనుక అందరూ వేశారు.

పునరుత్థానాన్ని నేను నమ్ముతాను. నమ్ముతూనే ముసలిదాన్నయ్యాను. కానీ అందరినీ లేపిన మనిషి కోసం ఆ రోజు ఎవరూ ఒక్క చెయ్యి కూడా కిందికి చాపలేదు. అమ్మ తుండుగుడ్డ మడిచి ఇంటికి తెచ్చింది. అది పొడిగానే ఉంది.