ఇసుకలో దిగబడ్డ నీళ్ళ జీపు

ఉదయం ఐదూ నలభైకి తిరుత్తణిలో దిగాం. సుబేదారు, ఎనిమిదిమంది జవాన్లు, బండ్ల హవల్దారుగా నేను. పద్నాలుగేళ్ళ నౌకరీలో ఇంటికి అంత దగ్గరగా రావడం అదే మొదలు. మాది కడంబత్తూరు. డెబ్బైల చివర్లో ఒక మే నెల. ఆరింటికే చొక్కా వీపుకి అతుక్కుంది.

ఆర్డరు చిన్నది. అత్తిమంజేరిపేట అవతల గుట్ట మీద ఆరు వారాలు వైర్‌లెస్ సెట్టు నడపాలి. పైన చుక్క నీళ్ళు లేవు. రోజూ జీపులో చేర్చడం నా పని. దారిలో ఎండిన ఏరు, అంతా మెత్తటి ఇసుక.

రెండు జీపులు చూపించారు. ఒకటి కొత్త రంగుతో మెరుస్తోంది. రెండోదానికి సొట్ట లేని చోటు లేదు. రెండిటి కిందా దూరి చూశాను. మెరిసేదానికి ముందు చక్రాలను తిప్పే షాఫ్టే లేదు. పెట్రోలు మిగలాలని ఎవరో ఊడదీశారు. సొట్టలదాన్నే ఎంచుకున్నాను. సుబేదారు భుజం తట్టాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

కనకమ్మ సత్రంలో వెల్డింగు షాపుంది. మూడు రోజులు అక్కడే కూర్చున్నాను. ముందు ఇనుప దూలం, పైన క్యారియరు, వెనక ఇనుప పెట్టె, రెండు స్టెప్నీలు, గొలుసులు. సుబేదారుది చిత్తూరు వైపు. చుట్టూ తిరిగి చూశాడు.

"అంతా బాగుండాది. జీపు యాడ?" అన్నాడు.

జవాన్లు ముందురోజే తలా రెండు నీళ్ళ బాటిళ్ళతో గుట్ట ఎక్కారు. తెల్లారి సుబేదారూ నేనూ జీపులో నీళ్ళ డబ్బాలతో బయలుదేరాం. తొమ్మిదిన్నరకి ఏటి నడుమ ఇరుసు దాకా దిగబడ్డాం. నాలుగు చక్రాలూ తిరిగాయి. నాలుగూ గోతులు తవ్వుకున్నాయి.

రేడియోలో గుట్ట మీది ఆపరేటరు పలికాడు. "నీళ్ళు యాడికొచ్చినాయన్నా?"

"ఏట్లో ఉండాయి," అన్నాను.

"ఏరు ఎండిపోయిండాది గదా?"

"మేం తెచ్చిన నీళ్ళురా. మేమూ ఏట్లోనే ఉండాము."

కాసేపు గరగర. "ఈడ ఎనిమిదిమందికీ ఒక బాటిలే మిగిలిండాది."

నా నవ్వు పోయింది.

గడ్డిమోపుతో వెళ్తున్న ఒకావిడ ఆగింది. "ఇసక లారీలోళ్ళు చక్రాల్లో గాలి తగ్గించుకోని పోతారు గదయ్యా. మీకెవురూ చెప్పలేదా? ఈ ఇనుమంతా ఎందుకు, అమ్మేదానికా?"

"కాదక్కా," అన్నాను. కొత్తగా చేరిన రంగరూట్లకు రెండేళ్ళు ఆ గాలి పాఠం చెప్పింది నేనే. సుబేదారు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు.

గాలి తగ్గించాం. బోల్టులు విప్పి నా మూడురోజుల పనితనమంతా ఇసుకలో పరిచాం. ఆమె మోపు దించి సుబేదారుతో కలిసి వెనకనుంచి తోసింది. లో గేరులో జీపు మూలుగుతూ కదిలింది. పన్నెండూ పదికి ఒడ్డెక్కాం. రాళ్ళదారిలో రేడియేటరు మరిగింది. ఒంటిగంటకి గుట్ట మీద ఆవిరి కక్కుతూ ఆగాం.

ఆ తర్వాత ఆరు వారాలూ జీపు బోసిగానే తిరిగింది. ఒక్కరోజు కూడా ఆగలేదు. సెలవు మీద ఇంటికి వెళ్తే మా బావ అడిగాడు, "ఏం చేసినావు ఆడ?" అని. "ఇనుము ఎక్కించినా, దించినా," అన్నాను. ఇంకో సంగతి మాత్రం చెప్పలేదు.

మొదటిరోజు ఆ ఒంటిగంట ఎండలో ఎనిమిదిమంది మగ్గులు పట్టుకుని వచ్చారు. పెదాలు పగిలి ఉన్నాయి. ఆపరేటరు మొదటి మగ్గు నింపాడు. తాగలేదు. ఇంజను చల్లబడేదాకా ఆగి, మూతకి తడిగుడ్డ చుట్టి తిప్పి, ఆ నీళ్ళు మెల్లగా రేడియేటరులో పోశాడు.

"ఇది ముందు తాగనీయన్నా," అన్నాడు. "రేపు మళ్ళా రావల్ల గదా."

వెనక ఏడుగురూ ఖాళీ మగ్గులతో వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కరూ తొందరపెట్టలేదు.